జావా కార్డును లాగిన్ సెక్యూరిటీ కీగా మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి ఈ విషయం మీద వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి. అదే జవాబు ప్రతిసారీ టైప్ చేయడం కంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. సెక్యూరిటీ కీ అంటే లాగిన్ అవుతున్నది మీరేనని సైటుకు రుజువు చేసే చిన్న పరికరం. జావా కార్డు అంటే చిన్న ప్రోగ్రాములు ఎక్కించుకోగల చిప్ కార్డు. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు, వరసగా చదవాల్సిన పనిలేదు. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. కార్డులోకి ప్రోగ్రామ్ ఎక్కించడం ఒక సాయంత్రం పని. కార్డును చదివే తగిన రీడరు చూసుకోవడం, కార్డు పోయిన రోజున అకౌంట్లోకి ఎలా వెళ్తామో ముందే ఏర్పాటు చేసుకోవడం, అసలు శ్రమంతా ఈ రెండింటిలోనే ఉంది.

## మొదలుపెట్టే ముందు

ఓటీపీ వస్తోంది కదా సార్, మళ్లీ ఈ కార్డు దేనికి?

ఓటీపీని మీరు చదవగలరు కాబట్టి ఇంకొకరికి చెప్పగలరు కూడా. చిక్కంతా అక్కడే. గూగుల్ పేజీలాగే ఉన్న దొంగ పేజీలో పాస్‌వర్డ్, ఓటీపీ కొట్టారనుకోండి, అవతలివాడు అదే నిమిషంలో వాటిని అసలు పేజీలో కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. మీ పేరు మీద డూప్లికేట్ సిమ్ తీయించినా అంతే.

సెక్యూరిటీ కీ పద్ధతిలో మీరు చదివి చెప్పేది ఏమీ ఉండదు. లాగిన్ అయ్యేటప్పుడు ఏ సైటు కోసం అడుగుతున్నారో బ్రౌజరే కార్డుకు తెలియజేస్తుంది. ఆ సైటుకు నమోదైన కీతో మాత్రమే కార్డు సంతకం చేస్తుంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్న దొంగ సైటుకు కార్డులో కీ దొరకదు. మీరు మోసపోయినా కార్డు మోసపోదు.

రొయ్యల ఎగుమతి, చీమకుర్తి గ్రానైట్ లాంటి వ్యాపారాల్లో విదేశీ బేరాలు ఈమెయిల్ మీదే నడుస్తాయి. మెయిల్‌లోకి దూరినవాడు వెంటనే ఏమీ చేయడు. చప్పుడు లేకుండా చదువుతూ కూర్చుని, సరిగ్గా డబ్బు పంపే సమయానికి ఇన్‌వాయిస్‌లో బ్యాంకు ఖాతా నంబరు మార్చి పంపుతాడు. ఇలాంటి ఆఫీసు మెయిల్‌కే ఈ కార్డు ముందుగా పెట్టాలని నా అభిప్రాయం. ఇన్‌స్టాగ్రామ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

స్మార్ట్‌కార్డు వేరు, సెక్యూరిటీ కీ వేరు కదా? ఒకటి ఇంకోటి ఎట్టా అవుతుంది?

యూఎస్‌బీ సెక్యూరిటీ కీ లోపల ఉండేదీ ఒక చిన్న చిప్పే. జావా కార్డు కూడా అలాంటి భద్రమైన చిప్పున్న ప్లాస్టిక్ కార్డు. అందులో యాప్లెట్ అనే చిన్న ప్రోగ్రాములు నడుస్తాయి. ఫిడో2 అనే లాగిన్ ప్రమాణం ప్రకారం మాట్లాడే యాప్లెట్‌ను అందులోకి ఎక్కిస్తే, కంప్యూటరు దాన్ని సెక్యూరిటీ కీగానే గుర్తిస్తుంది. ఈ ప్రమాణంలో బ్రౌజరు వైపు భాగం పేరు వెబ్‌ఆథెన్. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ దాన్ని 2019 మార్చిలో అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. బ్రౌజరుకూ కార్డుకూ మధ్య నడిచే భాషను సీట్యాప్ అంటారు. ఇది యూఎస్‌బీ మీద నడిచినట్టే, దగ్గరగా ఆనిస్తే తీగ లేకుండా పనిచేసే ఎన్‌ఎఫ్‌సీ మీదా నడుస్తుంది, కార్డుకు దారి దొరికింది అక్కడే.

ఇంట్లో పాత ఏటీఎం కార్డు ఉంది. ఆధార్ పీవీసీ కార్డు కూడా ఉంది. వీటితో చేసుకోవచ్చా?

కుదరదు. ఏటీఎం కార్డులో చిప్ ఉంటుంది గానీ దానిలోకి కొత్త ప్రోగ్రామ్ ఎక్కించే తాళాలు, అంటే రహస్య కీలు, బ్యాంకు దగ్గరే ఉంటాయి. సిమ్ కార్డులు చాలావరకు జావా కార్డులే, కానీ వాటి తాళాలు టెలికాం కంపెనీవి. ఆధార్ పీవీసీ కార్డులో అసలు చిప్పే లేదు, ఉన్నది క్యూఆర్ కోడ్. కొత్త రేషన్ కార్డును స్మార్ట్ కార్డు అంటున్నా అదీ క్యూఆర్ కోడే. తాళాలు మీ చేతికి వచ్చే ఖాళీ జావా కార్డు కొనాల్సిందే.

టెండర్ల కోసం తీసుకున్న డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్ ఉంది. అది సరిపోదా?

సరిపోదు. డీఎస్‌సీ టోకెన్‌లో లైసెన్సు ఉన్న సంస్థ మీ పేరు మీద ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటుంది. టెండరు, జీఎస్‌టీ, కంపెనీ రిటర్నుల మీద చట్టబద్ధమైన సంతకం పెట్టడానికి అది. సెక్యూరిటీ కీ మీరెవరో ఎవరికీ చెప్పదు. ఖాతాకు నమోదు చేసిన రోజు వాడిన కీయే ఇప్పుడూ వాడుతున్నారని మాత్రం రుజువు చేస్తుంది. ప్రతి సైటుకూ వేరే కీ పుడుతుంది కాబట్టి రెండు సైట్లు కలిసి చూసుకున్నా, ఇద్దరూ ఒకరేనని ఆ కీలను బట్టి కనిపెట్టలేవు. డీఎస్‌సీని ఆడిటర్ దగ్గర వదిలేసే అలవాటు మన దగ్గర ఉంది. ఈ కార్డును మాత్రం అలా వదలకండి.

నెట్ బ్యాంకింగ్‌కు, ఫోన్‌పేకు పనిచేస్తుందా?

యూపీఐ యాప్‌లు పనిచేసే తీరు వేరు, వాటికి దీనితో పనిలేదు. నెట్ బ్యాంకింగ్ మన దగ్గర ఎక్కువగా ఓటీపీ మీదే నడుస్తోంది. గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్, గిట్‌హబ్, డ్రాప్‌బాక్స్ లాంటి ఖాతాలకు పనిచేస్తుంది.

తయారుగా దొరికే యూఎస్‌బీ కీ కొనడం కంటే ఇది నయమా?

అందరికీ కాదు. ఆఫీసులో పదిమందికి ఇవ్వాలన్నా, ఇంట్లో పెద్దవాళ్లకు ఇవ్వాలన్నా తయారుగా ఉన్న కీ కొనండి. దానికి రీడరు అక్కర్లేదు, సర్టిఫికేషన్ ఉంటుంది, లినక్స్ బ్రౌజర్లలోనూ గొడవ లేకుండా నడుస్తుంది. కార్డు వల్ల లాభాలు వేరే ఉన్నాయి: ఖరీదు తక్కువ, పర్సులో పడుతుంది, లోపల నడిచే కోడ్ మీరే చదువుకోవచ్చు, అదే కార్డులో మెయిల్‌కు సంతకం, తాళం వేసే ఓపెన్‌పీజీపీ లాంటి ఇంకో యాప్లెట్ కూడా పెట్టుకోవచ్చు. నేర్చుకోవాలనుకునే ఇంజినీరింగ్ పిల్లలకు ఇంతకంటే మంచి సరంజామా లేదు. ఒక యూఎస్‌బీ కీ కొని, దానికి తోడు రెండో కీగా ఈ కార్డు పెట్టుకోవడం నాకు బాగా నచ్చిన పద్ధతి.

## కొనేటప్పుడు

ఏ కార్డు అడగాలి?

జావా కార్డు 3.0.4 లేదా ఆపై వెర్షను ఉండాలి. ఎన్‌ఎక్స్‌పీ కంపెనీ జేకాప్ కార్డుల్లో జే3హెచ్145, జే3ఆర్180 ఈ పనికి బాగా వాడుకలో ఉన్నాయి. పేరు చివరి సంఖ్య సుమారుగా మెమరీని కిలోబైట్లలో చెబుతుంది. జే3 అని మొదలైతే కాంటాక్ట్ (రీడరులో దూర్చి వాడేది), కాంటాక్ట్‌లెస్ (ఆనించి వాడేది) రెండూ ఉంటాయి. జే2 అయితే కాంటాక్ట్ మాత్రమే, ఫోనుకు ఆనించి వాడలేరు.

చవగ్గా కనిపించే జే2ఏ040 పాత తరం కార్డు, జావా కార్డు 2.2 దగ్గర ఆగిపోయింది. దాన్ని కొనకండి.

అమ్మేవాడిని రెండు మాటలు రాతపూర్వకంగా అడగండి. కార్డు ఇనీషియలైజ్ చేసి, అంటే ప్రోగ్రాములు ఎక్కించేందుకు సిద్ధం చేసి ఇస్తారా? కార్డు తాళాలుగా అందరికీ తెలిసిన డిఫాల్ట్ కీలే ఉంటాయా, లేక వేరే కీలు పెడితే అవి ఇస్తారా? ఇనీషియలైజ్ కాని కార్డును తెరవడానికి ట్రాన్స్‌పోర్ట్ కీ అనే మరో తాళం కావాలి, అది లేకపోతే మీ చేతిలో ఉన్నది ప్లాస్టిక్ ముక్కే.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుందా? నెల్లూరులో దొరకదా?

నెల్లూరులో, ఒంగోలులో మామూలు కంప్యూటర్ షాపుల్లో దీన్ని ఆశించకండి. రిచీ స్ట్రీట్‌కు వెళ్లి ఉత్తగా స్మార్ట్ కార్డు అంటే, ఆఫీసు తలుపులకూ హాస్టల్ మెస్సులకూ వాడే ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు ఇచ్చే అవకాశమే ఎక్కువ. మైఫేర్ క్లాసిక్ అని రాసి ఉన్నది అదే. దానిలో ప్రోగ్రాములు నడవవు, చిన్న డేటా మాత్రం నిల్వ ఉంటుంది. జేకాప్ అన్న మాట, మోడల్ నంబరు కాగితం మీద రాసుకుని వెళ్లండి. దీనికోసమే రైలెక్కే బదులు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం సులువు. విదేశీ సైటులో కొంటే కస్టమ్స్ సుంకం పడొచ్చని లెక్కలో వేసుకోండి.

రీడరు తప్పనిసరిగా కొనాలా? ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ ఉంది కదా.

ఫోనులో లాగిన్ కావడానికి ఫోను చాలు. యాప్లెట్ ఎక్కించడానికి మాత్రం కంప్యూటరుకు తగిలించే రీడరు ఒక్కసారైనా కావాలి. స్నేహితుడిది అడిగి తెచ్చుకున్నా సరిపోతుంది.

కొనేట్టయితే కాంటాక్ట్‌లెస్ రీడరు తీసుకోండి, ఎక్కించడానికీ లాగిన్‌కూ అదే పనికొస్తుంది. ఏసీఆర్122యూ అన్నది ఎక్కడైనా దొరికే మోడల్. పాతది, కొంచెం మొండిది, లినక్స్‌లో ముందుగా కాస్త సర్దుబాటు అడుగుతుంది. అదే కంపెనీ ఏసీఆర్1252యూ దానికంటే మాట వినే మనిషి. కార్డును లోపలికి దూర్చే కాంటాక్ట్ రీడర్లు చవక, యాప్లెట్ ఎక్కించేటప్పుడు మధ్యలో సిగ్నల్ తెగిపోయే భయం కూడా ఉండదు. రోజువారీ లాగిన్‌కు నేను వాటిని సిఫారసు చేయను.

## యాప్లెట్ ఎక్కించేటప్పుడు

కంప్యూటరులో ఏమేం ఉండాలి? కోడింగ్ రావాలా?

కోడింగ్ రానక్కర్లేదు. కమాండ్ లైన్ (ఆదేశాలు టైప్ చేసే తెర) అంటే భయం లేకపోతే చాలు. జావా ఉండాలి. కార్డుతో మాట్లాడే గ్లోబల్‌ప్లాట్‌ఫామ్‌ప్రో అనే ఉచిత టూల్ కావాలి, దాన్ని అందరూ జీపీ అంటారు. ఎక్కించాల్సిన ప్రోగ్రామ్ ఫిడో2యాప్లెట్. ఇది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, గిట్‌హబ్‌లో రిలీజుల కింద కార్డులోకి ఎక్కించే క్యాప్ ఫైలు తయారుగా ఉంటుంది. సోర్స్ నుంచి మీరే బిల్డ్ చేసుకోవాలంటే జావా కార్డు ఎస్‌డీకే (కార్డు ప్రోగ్రాములు తయారుచేసే కిట్) వెర్షనుకు తగిన జేడీకే (జావా ప్రోగ్రాములు తయారుచేసే కిట్) ఉండాలి. ఆ జోడీ కుదరకపోతే అర్థం కాని ఎర్రర్లతో ఒక రోజు పోతుంది.

సరే, ఎక్కించడం ఎట్టా?

ముందు కార్డును రీడరు మీద పెట్టి జీపీ టూల్‌తో లిస్ట్ అడగండి. కార్డు లోపల ఏముందో జాబితా వస్తే తాళాలు సరిపోయినట్టే. తర్వాత ఇన్‌స్టాల్ ఆదేశం, దాని పక్కన క్యాప్ ఫైలు పేరు. కొన్ని సెకన్ల నుంచి నిమిషం దాకా పడుతుంది. ఆ సమయంలో కార్డును కదపకండి. మళ్లీ లిస్ట్ అడిగితే కొత్త యాప్లెట్ కనిపించాలి.

తర్వాత పిన్ పెట్టాలి. విండోస్ 10లో 1903 వెర్షను నుంచి సెట్టింగ్స్‌లోని అకౌంట్స్, సైన్ ఇన్ ఆప్షన్స్, సెక్యూరిటీ కీ దగ్గర ఆ వీలుంది. పిన్ అంటే అంకెలే కానక్కర్లేదు, అక్షరాలూ పెట్టొచ్చు. కనీసం నాలుగు ఉండాలి. బండి నంబరు పెట్టకండి.

లిస్ట్ అడిగితే ఎర్రర్ వస్తోంది. మళ్లీ మళ్లీ ప్రయత్నించొచ్చా?

వద్దు. ఇది బాగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. తప్పు తాళంతో వరసగా ప్రయత్నిస్తే కార్డు శాశ్వతంగా బిగుసుకుపోతుంది. చాలా కార్డుల్లో ఆ హద్దు పది ప్రయత్నాలు. విప్పే దారి లేదు. ఎర్రర్‌లో ఆథెంటికేషన్ లేదా క్రిప్టోగ్రామ్ అన్న మాట కనిపిస్తే అక్కడే ఆగి, ఏ కీ పెట్టారో అమ్మినవాడిని అడగండి. రీడరు దొరకలేదు, కార్డు లేదు అన్న ఎర్రర్లయితే ప్రమాదం లేదు, ఎన్నిసార్లయినా ప్రయత్నించుకోండి.

డిఫాల్ట్ కీ మార్చమంటున్నారు. మార్చకపోతే ఏమవుతుంది?

404142 అని మొదలయ్యే డిఫాల్ట్ కీ ప్రపంచమంతా తెలిసినదే. దాన్ని అలాగే ఉంచితే, కార్డు చేతికి దొరికినవాడు మీ యాప్లెట్‌ను తీసేయగలడు, దాని చోట ఇంకోటి పెట్టగలడు. మీ లాగిన్ కీలను మాత్రం దీనితో బయటికి లాగలేడు. జీపీలో లాక్ ఆదేశంతో కొత్త కీ పెట్టుకోవచ్చు. పెట్టాక దాన్ని కాగితం మీద రాసి బీరువాలో ఉంచండి. అది పోతే కార్డు లాగిన్‌కు పనిచేస్తూనే ఉంటుంది గానీ యాప్లెట్ మార్చడం, అప్‌డేట్ చేయడం ఇక ఉండదు. ప్రయోగాలు చేస్తున్నన్ని రోజులూ డిఫాల్ట్‌లోనే ఉంచి, నిజమైన ఖాతాలకు కలిపే ముందు మార్చండి.

ఉబుంటులో ఏసీఆర్122యూ తగిలించా. టూల్ మాత్రం రీడరు లేదంటోంది.

లినక్స్ కెర్నల్ తన సొంత ఎన్‌ఎఫ్‌సీ డ్రైవరుతో రీడరును ముందే పట్టేసుకుని ఉంటుంది. ఆ డ్రైవరు తాలూకు పీఎన్533 మాడ్యూళ్లను బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి, కంప్యూటరు రీస్టార్ట్ చేయండి. కార్డు రీడర్లను నడిపే పీసీఎస్‌సీడీ సర్వీసు నడుస్తోందో లేదో కూడా చూడండి.

## రోజూ వాడేటప్పుడు

జీమెయిల్‌కు కలపడం ఎలా?

గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ విభాగానికి వెళ్లి పాస్‌కీలు, సెక్యూరిటీ కీల దగ్గర కొత్త కీ చేర్చండి. విండోస్ తనంతట తాను ఈ కంప్యూటరులోనో ఫోనులోనో పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు వాడే కీ) దాస్తానంటుంది. అది వద్దని చెప్పి సెక్యూరిటీ కీ ఎంచుకోవాలి. చాలామంది తికమకపడేది తెర మీద వచ్చే ఈ ఒక్క డబ్బా దగ్గరే. తర్వాత కార్డును రీడరుకు ఆనించి పిన్ కొడితే నమోదైపోతుంది. అదే కూర్చున్నప్పుడు రెండో కీ కూడా చేర్చండి, బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసుకోండి. గూగుల్ పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ఫోన్ గ్యాలరీలో ఫొటోగా దాచుకోవడం దాచుకోవడం కాదు.

నా ఫోనుకు కార్డు ఆనిస్తే ఏమీ జరగడం లేదు.

ముందు ఫోనులో ఎన్‌ఎఫ్‌సీ ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూడండి. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. ఉంటే ఆన్ చేసి, కవరు తీసి, కార్డును వెనకవైపు మెల్లగా జరుపుతూ చూడండి. యాంటెన్నా ఒక్కో ఫోనులో ఒక్కో చోట ఉంటుంది. ఐఫోన్లలో అది పై అంచు దగ్గర ఉంటుంది. ఐఓఎస్ 13.3 నుంచి, ఐఫోన్ 7, ఆ తర్వాతి మోడళ్లలో సఫారీ ఎన్‌ఎఫ్‌సీ కీలను తీసుకుంటుంది.

ఆండ్రాయిడ్‌లో గూగుల్ ప్లే సర్వీసెస్ వెర్షనును బట్టి అనుభవం మారుతుంది. పాస్‌వర్డ్ తర్వాత రెండో అంచెగా కార్డు ఆనించడంలో ఇబ్బంది తక్కువ. పిన్ అడిగే పాస్‌కీ లాగిన్ దగ్గరే మొండికేస్తుంది. ప్లే సర్వీసెస్ అప్‌డేట్ చేసి చూడండి.

లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ కార్డును పట్టించుకోవడం లేదు. కార్డు పాడైందా?

కార్డు బాగానే ఉంది. లినక్స్‌లో ఈ బ్రౌజర్లు యూఎస్‌బీ కీల కోసమే వెతుకుతాయి, స్మార్ట్‌కార్డు రీడరు వైపు చూడవు. ఫిడో2 హెచ్‌ఐడీ బ్రిడ్జ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. రీడరు మీదున్న కార్డును బ్రౌజరుకు యూఎస్‌బీ కీలాగా చూపిస్తుంది. పనిచేస్తుంది గానీ అది వెనకాల నడుస్తూనే ఉండాలి. రోజంతా లినక్స్‌లోనే ఉండేవాళ్లకు యూఎస్‌బీ కీయే సుఖం.

కార్డును రీడరు మీదే వదిలేస్తే పోలా? ప్రతిసారీ పర్సు తీయాలంటే విసుగు.

వదిలేయకండి. యూఎస్‌బీ కీకి ముట్టుకునే బటన్ ఉంటుంది, మనిషి ఎదురుగా ఉన్నాడని దాంతో తెలుస్తుంది. కార్డుకు బటన్ లేదు. దాన్ని రీడరు దగ్గరికి తీసుకురావడమే మీ ఒప్పుకోలు. అక్కడే పడి ఉంటే, కంప్యూటరులోకి దూరిన వైరస్ మీకు తెలియకుండా కార్డును సంతకం అడగగలదు. మీరు కొట్టిన పిన్ కూడా అది పట్టుకుని ఉంటే ఇక ఆపేదేమీ లేదు.

పిన్ మర్చిపోయాను. ఎన్ని అవకాశాలు ఉంటాయి?

మొత్తం ఎనిమిది. వరసగా మూడు తప్పులైతే కార్డును రీడరు నుంచి తీసి మళ్లీ పెట్టాలి. ఎనిమిదీ అయిపోతే పిన్ లాక్ అవుతుంది. అప్పుడు రీసెట్ ఒక్కటే దారి. రీసెట్ చేస్తే లోపలి కీలన్నీ చెరిగిపోతాయి, ప్రతి ఖాతాలోకీ ఇంకో దారిలో వెళ్లి కార్డును కొత్తగా నమోదు చేసుకోవాలి. సరైన పిన్ కొడితే లెక్క మళ్లీ ఎనిమిదికి వస్తుంది.

ఒక కార్డు ఎన్ని అకౌంట్లకు పనిచేస్తుంది?

రెండో అంచెగా వాడితే లెక్కలేనన్ని. ఆ పద్ధతిలో కీ తాలూకు సమాచారాన్ని కార్డు తాళం వేసి సైటుకే ఇచ్చేస్తుంది, లాగిన్ అప్పుడు సైటు దాన్ని తిరిగి పంపుతుంది. యూజర్‌నేమ్ కూడా అడగకుండా లోపలికి పంపే పాస్‌కీలు మాత్రం కార్డులోనే ఉంటాయి కాబట్టి మెమరీని బట్టి హద్దు ఉంటుంది.

సర్వర్లకు ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు (దూరంగా ఉన్న సర్వరులోకి కమాండ్ లైన్‌తో వెళ్లడానికి) వాడొచ్చా?

వాడొచ్చు. 2020 ఫిబ్రవరిలో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.2 నుంచి ఈ సదుపాయం ఉంది. కీ తయారు చేసేటప్పుడు ఈసీడీఎస్‌ఏ ఎస్‌కే రకం ఎంచుకోండి. ఈడీ25519 రకం ఈ యాప్లెట్‌లో నడవదు. సర్వరు వైపు కూడా 8.2 లేదా ఆపై వెర్షను ఉండాలి.

ఐడీ కార్డులు చేసే షాపులో పేరు, ఫొటో ప్రింట్ చేయించి మెడలో వేసుకోవచ్చా?

ప్రింట్ వరకు పర్వాలేదు, అదీ నేరుగా కార్డు మీద వేసే ప్రింటరయితేనే. వేడి ప్రెస్‌లో పెట్టి ఫ్యూజింగ్ చేసే పద్ధతి చాలా షాపుల్లో ఉంది, దానికి ఇవ్వకండి. తాడు కోసం రంధ్రం అసలు కొట్టించకండి. యాంటెన్నా తీగ కార్డు అంచుల వెంబడే చుట్టుకుని ఉంటుంది, పంచ్ దాని మీద పడితే కాంటాక్ట్‌లెస్ చచ్చిపోతుంది. మెడలో వేసుకోవాలంటే ప్లాస్టిక్ హోల్డర్ కొనుక్కోండి. నా సలహా అడిగితే పేరు కూడా వద్దు. పోయిన కార్డు ఎవరిదో దొరికినవాడికి తెలియకపోవడమే మంచిది.

ఛార్జింగ్ పెట్టాలా? ఎండకు పాడవుతుందా?

బ్యాటరీ లేదు, రీడరు నుంచే కరెంటు తీసుకుంటుంది. రోహిణి కార్తెలో కారు డాష్‌బోర్డు మీద వదిలితే మాత్రం పీవీసీ వంగిపోతుంది.

## పోయినా, పాడైనా

కార్డు పోయింది! ఇప్పుడేం చేయాలి?

రెండో కీతోనో బ్యాకప్ కోడ్‌తోనో ప్రతి ఖాతాలోకీ వెళ్లి, పోయిన కీని జాబితా నుంచి తీసేయండి. అంతవరకూ టెన్షన్ పడాల్సింది తక్కువే. పిన్ లేకుండా పాస్‌కీ లాగిన్ జరగదు, రెండో అంచెగా వాడిన చోట పాస్‌వర్డ్ కూడా కావాలి. పోయిన కార్డును దూరం నుంచి ఆపే సదుపాయం లేదు.

రెండో కీ గానీ కోడ్‌లు గానీ లేకపోతే, ఆ కంపెనీ రికవరీ పద్ధతి ఎలా ఉంటే అలా నడవాల్సిందే. రోజులు పట్టొచ్చు, దక్కకపోవచ్చు కూడా. యాపిల్ అకౌంట్‌లో సెక్యూరిటీ కీలు పెట్టాలంటే కనీసం రెండు ఉండాలని కంపెనీయే షరతు పెట్టింది ఇందుకే. అందరూ ఆ షరతు పెడితే బాగుండేది.

ముందు జాగ్రత్తగా కార్డుకు జిరాక్స్‌లాగా ఒక కాపీ తీసి పెట్టుకోవచ్చా?

కుదరదు. కీలు చిప్ లోపలే పుడతాయి, బయటికి రావు. దాని బలమే అది. రెండు కార్డులు తయారు చేసి, ప్రతి ఖాతాలో రెండూ విడివిడిగా నమోదు చేయండి. ఒకటి పర్సులో, ఇంకోటి వేరే ఊర్లో నమ్మకమైన ఇంట్లో. కొత్త ఖాతా తెరిచిన ప్రతిసారీ రెండో కార్డుకోసం ఊరికి వెళ్లాలి కదా అంటారు. నిజమే, అందుకే ముఖ్యమైన నాలుగైదు ఖాతాలకే ఇది పెట్టుకోండి.

దొరికినవాడు చిప్ తెరిచి కీ లాగేయగలడా?

పరిశోధకులు అలాంటివి చేసి చూపించారు. 2021 జనవరిలో గూగుల్ టైటన్ అనే సెక్యూరిటీ కీ లోపలి ఎన్‌ఎక్స్‌పీ చిప్ నుంచి విద్యుదయస్కాంత తరంగాలను కొలిచి కీ బయటికి తీశారు. 2024లో ఇన్ఫినియన్ చిప్‌ల లైబ్రరీలో మరో లోపం బయటపడింది, పాత ఫర్మ్‌వేర్ ఉన్న యూబీకీ 5 సెక్యూరిటీ కీలకు అది తగిలింది. రెండింటికీ కీ చేతికి చిక్కాలి, ఖరీదైన పరికరాలు, ఆ విద్య తెలిసినవాళ్లు ఉండాలి. పర్సు కొట్టేసినవాడి పని కాదు. ఫిడో2యాప్లెట్‌కు మాత్రం అధికారిక సర్టిఫికేషన్ లేదు. శత్రువు అంత పెద్దవాడని మీకు నిజంగా అనుమానం ఉంటే ఈ కార్డు మీద ఆధారపడకండి.

మా కంపెనీ మెయిల్ ఈ కార్డును తీసుకోవడం లేదు. గూగుల్ తీసుకుంది కదా?

కొన్ని సంస్థలు కీ ఏ తయారీదారుదో రుజువు అడుగుతాయి. దాన్ని అటెస్టేషన్ అంటారు. ఇంట్లో తయారైన కార్డుకు గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ ఉండదు. అడ్మిన్ ఆమోదించిన మోడళ్లే అనుమతిస్తే మీ కార్డు ఆగిపోతుంది. మీరే ఒక సర్టిఫికెట్ తయారు చేసి ఎక్కించుకోవచ్చు, ఫిడో2కు ముందున్న పాత యూ2ఎఫ్ పద్ధతి నడవడానికి అది అవసరం కూడా. కానీ సంస్థ జాబితాలో లేనిదాన్ని అది జాబితాలోకి చేర్చదు. ఐటీ వాళ్లను అడగండి, కాదంటే ఆఫీసు ఖాతాకు వాళ్లు చెప్పిన కీయే కొనండి.

కార్డును ఇంకొకరికి ఇచ్చేయాలనుకుంటున్నా. ఏం చెరపాలి?

ముందు ప్రతి ఖాతాలోంచి ఆ కీని తీసేయండి. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కీ రీసెట్ చేసి, జీపీ టూల్‌తో యాప్లెట్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కార్డు తాళం మార్చి ఉంటే తిరిగి డిఫాల్ట్‌కు పెట్టండి, లేదా కొత్త తాళాన్ని కాగితం మీద రాసి కార్డుతో పాటు ఇవ్వండి.